టీకాల శాతంలో హారాన్ని సరిచేయడం ఎలా: పీహెచ్‌సీ స్థాయిలో పిల్లల సంఖ్యను లెక్కగట్టే సమగ్ర మార్గదర్శి

ఒక సబ్‌సెంటర్‌లో పెంటావాలెంట్ (పెంటా, అంటే అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా) మూడో డోసు 112 శాతమనీ, పక్క సబ్‌సెంటర్‌లో 71 శాతమనీ నివేదిక వస్తే, సాధారణంగా మొదటి ఏఎన్ఎంకు (సబ్‌సెంటర్ ఆరోగ్య కార్యకర్తకు) అభినందన, రెండో ఏఎన్ఎంకు మెమో అందుతాయి. ఇద్దరూ ఒకే శ్రద్ధతో పనిచేసి ఉండవచ్చు. తేడా వేసిన డోసుల్లో కాక, వాటిని భాగించిన సంఖ్యలో ఉండి ఉండవచ్చు. శాతంలో పైనున్న లవాన్ని, అంటే వేసిన డోసులను, అందరూ రిజిస్టర్లు తిరగేసి సరిచూస్తారు. కింద ఉన్న హారాన్ని, అంటే ఆ ప్రాంతంలో టీకా అందవలసిన పిల్లల సంఖ్యను, ఏప్రిల్‌లో పైనుంచి వచ్చిన కాగితం మీద ఉన్నట్టే రాసుకుంటారు.

పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్లు, సూపర్‌వైజర్లు, ఏఎన్ఎంలు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు ఆ సంఖ్యను తమ స్థాయిలో ఎలా మెరుగుపరచుకోవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఉదాహరణల్లోని పీహెచ్‌సీ ఊహించినదే. ఆంధ్రప్రదేశ్ రేట్లు మాత్రం 2020 నమూనా నమోదు వ్యవస్థలోనివి (జనన, మరణాల రేట్లు తేల్చే ప్రభుత్వ సర్వే, ఎస్‌ఆర్‌ఎస్).

1. ఏ టీకాకు ఏ హారమో ముందుగా తేల్చుకోండి

అన్ని టీకాలకూ ఒకే సంఖ్యతో భాగించడం మొదటి తప్పు. పుట్టగానే వేసే బీసీజీ, 24 గంటల్లోపు వేయవలసిన హెపటైటిస్‌ బి డోసు, సున్నా పోలియో డోసులకు హారం సజీవ జననాల సంఖ్య. ఆరు, పది, పద్నాలుగు వారాల డోసులకూ, తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్‌–రుబెల్లా మొదటి డోసుకూ హారం బతికి ఉన్న శిశువుల సంఖ్య, అంటే సజీవ జననాల్లోంచి శిశు మరణాలను తీసివేయగా మిగిలినది. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేసే రెండో డోసుకు రెండో ఏడు నడుస్తున్న పిల్లలే హారం.

కాలం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు ఉన్న సంవత్సరంలో తొమ్మిది నెలలు నిండే పిల్లలు 2024 జులై నుంచి 2025 జూన్ మధ్య పుట్టినవారే తప్ప, ఆ ఆర్థిక సంవత్సరంలో పుట్టినవారు కారు. జననాలు నిలకడగా ఉన్నచోట దీనివల్ల పెద్ద తేడా రాదు. జననాలు తగ్గిపోతున్న పల్లెల్లోనూ, కొత్త కాలనీలు వెలుస్తున్న నగర శివార్లలోనూ మాత్రం ఈ తేడా లెక్కకు వస్తుంది.

2. పని మొదలుపెట్టే ముందు సమకూర్చుకోవలసినవి

□ పీహెచ్‌సీ పరిధిలోని ప్రతి ఆవాసం పేరుతో జాబితా. తండా, గూడెం, పొలాల్లోని ఇళ్లు, లేఅవుట్లు, అపార్టుమెంట్లు అన్నీ అందులో ఉండాలి.
□ ఆశా, ఏఎన్ఎంల ప్రాంతాల వారీ విభజన పటం. చేత్తో గీసినదైనా ఫరవాలేదు.
□ గత మూడేళ్ల నెలవారీ ప్రసవాలు, బీసీజీ, పెంటా మొదటి డోసు, మూడో డోసు లెక్కలు.
□ ఆర్‌సీహెచ్‌ (తల్లీబిడ్డల ఆరోగ్య) రిజిస్టర్, యూ–విన్ (టీకాల ఆన్‌లైన్ నమోదు) నుంచి తీసిన పిల్లల జాబితా.
□ అంగన్‌వాడీ కేంద్రాల్లో నమోదైన రెండేళ్లలోపు పిల్లల, గర్భిణుల, బాలింతల పేర్లు.
□ జనన నమోదు అధికారి వద్ద ఉన్న జననాల జాబితా. తల్లి నివాస గ్రామం పేరుతో సహా ఉండాలి.
□ చివరి పల్స్ పోలియో విడతలో ఇంటింటి బృందాలు రాసుకున్న షీట్లు.

జనన నమోదు జాబితా విషయంలో ఒక మాట. జననాన్ని 21 రోజుల్లోపు తెలియజేయాలన్నది చట్టం. కానీ నమోదు జరిగేది బిడ్డ పుట్టిన చోట, తల్లి నివసించే చోట కాదు. ఏరియా ఆసుపత్రి ఉన్న పట్టణంలో జననాలు వందల్లో ఉండి, చుట్టుపక్కల పల్లెల్లో దాదాపు కనిపించకపోవడానికి కారణం ఇదే. అందుకే మొత్తం సంఖ్య అడగకుండా, తల్లి నివాసం గడి ఆధారంగా మీ గ్రామాల పేర్లను వేరుచేసి ఇమ్మని అడగండి.

3. సరిహద్దులను సరిచూడండి

మన చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది. ఆ తర్వాత రాష్ట్రమే రెండయింది. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 పుస్తకంలో ఖమ్మం జిల్లా కింద కనిపించే కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ప్రాజెక్టుల కింద ముంపునకు గురైన ఊళ్ల జనం పునరావాస కాలనీలకు తరలిపోయినా, కాగితం మీద పాత ఊరి జనాభా అలాగే నిలిచిపోతుంది.

కాబట్టి జనాభా సంఖ్యను ముట్టుకోవడానికి ముందే ఆవాసాల జాబితాను పటం మీద పెట్టి, పక్క పీహెచ్‌సీ వాళ్లతో కలిసి కూర్చోండి. ప్రతి ఆవాసం ఒకరి పేరు మీద, ఒక్కరి పేరు మీదే ఉండాలి. ఇద్దరూ తమదనుకునే ఆవాసంలో పిల్లలు రెండుసార్లు లెక్కకు వస్తారు. ఇద్దరూ ఎదుటివారిదనుకునే చోట ఎవరి లెక్కలోకీ రారు. రెండో రకం ఎక్కువగా కనిపించేది రెండు మండలాల మధ్య రోడ్డు వెంట వెలసిన కొత్త కాలనీల్లో, అటవీ సరిహద్దులోని గుత్తికోయ గూడేల్లో. ఈ ఒక్క సమావేశానికి సగం రోజు పడుతుంది. ఆ సగం రోజును ఆదా చేసుకోవద్దు.

4. సూత్రంతో అంచనా వేయండి, కానీ దాన్ని కొలబద్దగానే వాడండి

సూత్రం చిన్నదే. జనాభాను జననాల రేటుతో గుణించి వెయ్యితో భాగిస్తే ఏడాది సజీవ జననాలు వస్తాయి. అందులోంచి శిశు మరణాల రేటు ప్రకారం తీసివేస్తే బతికి ఉన్న శిశువుల సంఖ్య వస్తుంది. గర్భస్రావాలు, మృతశిశు జననాల నిమిత్తం సజీవ జననాలకు పది శాతం కలిపితే గర్భిణుల సంఖ్య వస్తుంది.

మన ఊహా పీహెచ్‌సీ జనాభా 30,000 అనుకుందాం. 2020లో ఆంధ్రప్రదేశ్ జననాల రేటు వెయ్యికి 15.7, శిశు మరణాల రేటు వెయ్యి జననాలకు 24. దీని ప్రకారం ఏడాదికి జననాలు 471, శిశువులు సుమారు 460, గర్భిణులు 518. నెలకు ముప్పై ఎనిమిది మంది శిశువులు, వెయ్యి జనాభా ఉన్న ఆశా ప్రాంతంలో పదిహేను మంది అన్నమాట.

ఇక్కడ పాత కాగితంలోని 18 రేటును అలాగే వాడితే ఏమవుతుంది? జననాలు 540, శిశువులు 527 అవుతాయి. ఏడాదిలో 430 మందికి పెంటా మూడో డోసు వేసి ఉంటే, మొదటి హారంతో అది 93.5 శాతం, రెండో హారంతో 81.6 శాతం. ఒక్క డోసు కూడా మారకుండానే పన్నెండు శాతం తేడా వచ్చింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి సంతాన సాఫల్య రేటు (ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య) ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కు దిగిపోయింది. పాత రేట్లు వాడే పల్లె పీహెచ్‌సీ అకారణంగా వెనుకబడినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

ఈ సూత్రాన్ని ఎంత చిన్న ప్రాంతానికి వాడితే అది అంత బలహీనపడుతుంది. 3,000 జనాభా ఉన్న ఏజెన్సీ సబ్‌సెంటర్‌లో సూత్రం ప్రకారం జననాలు 47. కేవలం యాదృచ్ఛికంగానే అవి ఒక ఏడు 35గా, మరో ఏడు 60గా ఉండవచ్చు. అందుకే సబ్‌సెంటర్‌కు సూత్రపు సంఖ్యను లక్ష్యంగా ఇవ్వడం నా దృష్టిలో న్యాయం కాదు. పీహెచ్‌సీ మొత్తానికి దాన్ని సరిపోల్చుకోవడానికి వాడండి. సబ్‌సెంటర్‌కు పేర్ల జాబితానే హారం కావాలి. పోల్చక తప్పనిచోట మూడేళ్ల సగటు తీసుకోండి.

5. ఇంటింటి హెడ్ కౌంట్‌ను సరిగ్గా చేయండి

హెడ్ కౌంట్ సర్వే ఇప్పటికే జరుగుతున్నదే. తరచుగా అది పాత రిజిస్టర్‌ను కొత్త రిజిస్టర్‌లోకి ఎక్కించే పనిగా మిగిలిపోవడమే చిక్కు. దాన్ని నివారించడానికి ఈ క్రమం పాటించండి.

మొదట ఇళ్లకు వరుస సంఖ్యలు వేయండి. తాళం వేసిన ఇంటికీ సంఖ్య ఉండాలి. పిల్లలున్న ఇళ్లకే వెళ్లడం మొదలుపెడితే సర్వే అక్కడితో ముగిసినట్టే, ఎందుకంటే మనకు తెలియని బిడ్డ మనకు తెలియని ఇంట్లోనే ఉంటుంది.

తర్వాత, అడిగే ప్రశ్నను మార్చండి. ‘మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?’ అని గుమ్మం దగ్గర అడిగితే ‘లేరమ్మా’ అనే జవాబు వస్తుంది. వరండాలో ఉన్న అత్తగారికి, పుట్టింట్లో ఉన్న కోడలి బిడ్డ ‘ఇంట్లో ఉన్న’ బిడ్డ కాదు కదా. ఇలా అడగండి:

□ ఈ రెండేళ్లలో ఈ ఇంటి ఆడవాళ్లలో ఎవరికైనా కాన్పు అయిందా? ఆ బిడ్డ ఇప్పుడెక్కడుంది?
□ కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఉందా? రాబోతున్నదా?
□ ఇప్పుడు నెల తప్పినవారు ఎవరైనా ఉన్నారా?
□ ఈ ఆవరణలో అద్దెకుండేవారు, పనికి వచ్చి ఉంటున్నవారు ఉన్నారా?
□ పుట్టి చనిపోయిన బిడ్డ ఉందా? ఈ ప్రశ్నను చివర్లో, నెమ్మదిగా అడగాలి.

పుట్టిన తేదీని తల్లీబిడ్డల కార్డు చూసి రాయాలి. నోటిమాట మీద రాస్తే ‘ఆరు నెలలు’, ‘ఏడాది’ దగ్గర పిల్లలు కుప్పపడతారు.

6. పుట్టినిల్లు–మెట్టినిల్లు చిక్కును విప్పండి

తెలుగు ప్రాంతాల్లో హారాన్ని తప్పుదారి పట్టించే అతి పెద్ద కారణం ఇదేనని నేననుకుంటాను. తొలికాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వస్తుంది. అక్కడి దగ్గరి ఆసుపత్రిలో కాన్పు, అక్కడే బీసీజీ, తరచుగా పెంటా మొదటి డోసు కూడా అక్కడే. మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసుకుని మెట్టినింటికి వెళ్తుంది. మిగిలిన డోసులు మరో మండలంలో, కొన్నిసార్లు మరో రాష్ట్రంలో పడతాయి.

ఈ ఒక్క బిడ్డ పుట్టింటి ఆశా జాబితాలోనూ అత్తింటి ఆశా జాబితాలోనూ ఉండవచ్చు. ‘వాళ్లు రాసుకుంటారులే’ అని ఇద్దరూ వదిలేసి ఉండవచ్చు. దీనికి పరిష్కారంగా ప్రతి బిడ్డకూ రెండు గడులు పెట్టండి: ‘సొంత ఊరు’, ‘ఇప్పుడున్న ఊరు’. ఆపై రెండు నియమాలను అందరూ ఒకేలా పాటించండి.

మొదటి నియమం: హారంలో బిడ్డను సొంత ఊరి లెక్కలోనే, ఒక్కసారే చేర్చాలి. రెండో నియమం: డ్యూ లిస్ట్‌లో (టీకా పడవలసినవారి జాబితాలో) బిడ్డను ఇప్పుడున్న ఊరి జాబితాలో చేర్చాలి. బిడ్డ ఎక్కడుంటే అక్కడి సెషన్‌లో టీకా వేయాలి. ఎవరి లెక్క అన్న ప్రశ్న ఏ బిడ్డ టీకాకూ అడ్డం కాకూడదు.

అప్పుడు లవానికీ హారానికీ పొంతన ఎలా కుదురుతుందని అడుగుతారు. నెలవారీ నివేదికలో డోసులు వేసిన చోటే నమోదవుతాయి గనుక, ఆ నివేదికను మీ హారంతో భాగిస్తే పొంతన కుదరదు. అందుకే స్థానికంగా శాతం కట్టేటప్పుడు పైనా కిందా ఒకే జాబితాను వాడండి: మీ జాబితాలోని పిల్లల్లో ఎందరి కార్డు మీద, అది ఎక్కడ వేసినదైనా సరే, మూడో డోసు తేదీ ఉంది? ఇలా కట్టిన శాతం ఎన్నడూ వందను దాటదు. ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి.

బీసీజీని పీహెచ్‌సీ స్థాయి శాతంగా చూడడం ఇక మానేయవచ్చు. ప్రసవాలు జరిగే ఊళ్లో అది రెండు మూడు వందల శాతం దాకా పోతుంది, జరగని ఊళ్లో నేల మీద ఉంటుంది. జిల్లా మొత్తానికి మాత్రమే దానికి అర్థం ఉంటుంది.

7. వలస వచ్చినవారినీ వెళ్లినవారినీ విడిగా లెక్కించండి

వలసకు కాలం ఉంటుంది, ఆ కాలాన్ని బట్టే లెక్కా ఉండాలి. ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు కుటుంబాలు వర్షాలు వెనుకబట్టాక వచ్చి, వేసవి చివర్లో తిరిగి వెళ్తాయి. మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు పిల్లాపాపలతో కదులుతారు. ఏప్రిల్‌లో ఆ పడమటి మండలాల్లోని కోసిగి వైపు ఊళ్లలో సర్వే చేస్తే తాళాలు కనిపిస్తాయి, ఆగస్టులో చేస్తే పిల్లలు కనిపిస్తారు.

బట్టీలు, కోళ్లఫారాలు, నిర్మాణ స్థలాలు, కోతల గుడారాలకు విడి జాబితా పెట్టి, యజమాని లేదా మేస్త్రీ ఫోన్ నంబరు రాసుకోండి. మూడు నెలలకొకసారి దాన్ని కొత్తగా రాయండి. ఈ పిల్లలను స్థిర హారంలో కలపకుండా ‘తాత్కాలిక’ హారంగా పక్కన చూపండి. తాళం వేసిన ఇళ్లను ‘పిల్లలు లేరు’ అని రాయకుండా, పొరుగువారిని అడిగి ఎంతమంది, ఎక్కడికి, ఎప్పుడొస్తారన్నది రాయండి.

8. జాబితాలను కలిపి, జంట పేర్లను తీసేయండి

ఆశా, అంగన్‌వాడీ, యూ–విన్, జనన నమోదు జాబితాలను ఒక్కో ఆవాసానికి పక్కపక్కన పెట్టండి. బిడ్డ పేరుతో సరిపోల్చవద్దు. ఆసుపత్రిలో ‘బేబీ ఆఫ్ లక్ష్మి’గా నమోదైన బిడ్డ బారసాల నాటికి వేరే పేరుతో, ఇంట్లో ముద్దుగా మరో పేరుతో ఉంటుంది. తల్లి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఆర్‌సీహెచ్‌ సంఖ్య అనే నాలుగింటిలో మూడు కలిస్తే ఒకే బిడ్డగా పరిగణించండి. రెండే కలిస్తే ఆశాను అడగండి. కవల పిల్లలను ఒకే బిడ్డగా కొట్టేయకుండా చూసుకోండి.

జాబితాలు కలిశాక, ఎవరి జాబితాలోనూ లేని పిల్లలు ఎందరో అంచనా వేసే మార్గం ఒకటి ఉంది. దీన్ని చంద్రశేఖర్‌–డెమింగ్ పద్ధతి అంటారు. ఆశా జాబితాలో 90 మంది, అంగన్‌వాడీ జాబితాలో 80 మంది, రెండింటిలోనూ ఉన్నవారు 72 మంది అనుకుందాం. తొంభైని ఎనభైతో గుణించి డెబ్భై రెండుతో భాగిస్తే 100 వస్తుంది. రెండు జాబితాలు కలిపితే 98 మందే ఉన్నారు. అంటే మరో ఇద్దరిని ఎవరూ రాయలేదన్నమాట.

రెండు జాబితాలు విడివిడిగా తయారైనప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది. అంగన్‌వాడీ టీచర్ ఆశా పుస్తకాన్ని చూసి రాసుకుంటే రెండూ అచ్చుగుద్దినట్టు కలుస్తాయి, లెక్క ‘ఎవరూ తప్పిపోలేదు’ అంటుంది. అతిగా కలిసిన జాబితాలను మెచ్చుకోకండి, అనుమానించండి.

9. వచ్చిన సంఖ్యను పరీక్షకు పెట్టండి

□ సూత్రంతో పోలిక: పేర్ల జాబితాలో ఏడాదిలోపు పిల్లలు జనాభాలో సుమారు ఒకటిన్నర శాతం ఉన్నారా? 30,000కు 460 దగ్గర ఉండవలసిన చోట 380 ఉంటే కారణం వెతకండి.

□ వయసు పరీక్ష: ఏడాదిలోపు వారిలో మూడు నెలల్లోపు పిల్లలు దాదాపు నాలుగో వంతు ఉండాలి. 460లో 115కు బదులు 70 మందే కనిపిస్తే, తప్పిపోయినవారు పచ్చి బాలింతల బిడ్డలే. ఆరో దశకు తిరిగి వెళ్లండి.

□ ఆడ, మగ పరీక్ష: పీహెచ్‌సీ మొత్తం మీద నూరుమంది ఆడపిల్లలకు మగపిల్లలు సుమారు 105 మంది ఉండాలి. చిన్న జాబితాల్లో హెచ్చుతగ్గులు సహజం. పీహెచ్‌సీ మొత్తం జాబితాలోనూ ఏటా ఆడపిల్లలే తక్కువగా ఉంటే, నమోదులో లోపమో అంతకన్నా తీవ్రమైన విషయమో పరిశీలించండి.

□ పెంటా మొదటి డోసు నుంచి వెనక్కి లెక్క: ఏడాదిలో 445 మొదటి డోసులు పడ్డాయి, సర్వే ప్రకారం మీ ప్రాంతంలో మొదటి డోసు 97 శాతం అందితే, 445ను 0.97తో భాగించగా 459 వస్తుంది. ఇది 460కి దగ్గరే. బయటి పిల్లలకు వేసిన డోసులను ముందు తీసివేయాలి.

□ పల్స్ పోలియో పోలిక: ఇంటింటి బృందాలు చూసిన అయిదేళ్లలోపు పిల్లల్లో అయిదో వంతు తీసుకోండి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో వేసిన చుక్కలను ఇందులో కలపవద్దు.

□ క్షేత్ర పరీక్ష: సూపర్‌వైజర్ ప్రతి ఆశా ప్రాంతంలో, సర్వే ముగిసిన చివరి వీధి నుంచి వరుసగా ఇరవై ఇళ్లు తిరగాలి. జాబితాలో లేని బిడ్డ ఒక్కరు కనిపించినా ఆ ఆవాసాన్ని మళ్లీ చేయించాలి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి మరమ్మతు

శాతం వంద దాటిందని హారాన్ని పెంచడం. ముందు లవాన్ని చూడండి: పుట్టింటికి వచ్చినవారి డోసులు, ప్రైవేటు ఆసుపత్రి డోసులు, రెండుసార్లు ఎక్కించిన డోసులు అందులో ఎన్ని ఉన్నాయో తేలాక హారం జోలికి రండి.

శాతం తక్కువైందని హారాన్ని తగ్గించడం. సమీక్షకు ముందురోజు ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. జాబితా నుంచి బిడ్డను తీసేయడానికి కారణం గడి తప్పనిసరి చేయండి: మరణం, శాశ్వతంగా వెళ్లిపోవడం, జంట నమోదు, వయసు దాటడం. ‘దొరకలేదు’ అన్నది తీసివేతకు కారణం కాదు. ఒక్క డోసూ అందని బిడ్డ తరచుగా దొరకని బిడ్డే, అలాంటి బిడ్డను కొట్టేస్తే శాతం పెరుగుతుంది, తట్టు వచ్చినప్పుడు అదే ఊళ్లో వస్తుంది.

జిల్లా సంఖ్యను సబ్‌సెంటర్లకు సమానంగా పంచడం. వృద్ధులే మిగిలిన ఊరికీ, యువ దంపతులు నిండిన శివారు కాలనీకీ ఒకే జననాల రేటు ఉండదు. పంచక తప్పకపోతే గత మూడేళ్ల గర్భిణుల నమోదు నిష్పత్తిలో పంచండి.

డ్రాపౌట్‌ను హారంతో ముడిపెట్టడం. పెంటా ఒకటి నుంచి మూడుకు మధ్య ఎంతమంది జారిపోయారో తెలియడానికి హారం అక్కరలేదు, మొదటి డోసుల సంఖ్యే చాలు. హారం మీద నమ్మకం కుదరని నెలల్లో దీని మీదే ఆధారపడండి. మొదటి డోసుకే రాని పిల్లలను మాత్రం ఇది చూపదు.

11. ఖరారు చేసి, నమోదు చేసి, ఏడాది మధ్యలో కదపకుండా ఉంచండి

హెడ్ కౌంట్‌ను మార్చి నాటికి ముగించి, ఏప్రిల్ మొదటి వారంలో హారాన్ని ఖరారు చేయండి. ఆరు నెలల తర్వాత అక్టోబరులో ఒక్కసారి సవరించండి. మధ్యలో ప్రతి నెలా మారిస్తే ఈ నెల శాతాన్ని పోయిన నెలతో పోల్చడం కుదరదు. పేర్ల జాబితాలో మాత్రం కొత్త బిడ్డలను ఏ రోజుకారోజు చేర్చాలి.

ఖరారు పత్రంలో ఇవి రాయండి:

□ ఆవాసాల సంఖ్య, తాళం వేసిన ఇళ్ల సంఖ్య
□ పేర్ల జాబితా ప్రకారం శిశువులు, సూత్రం ప్రకారం శిశువులు, రెండింటి తేడా, దానికి కారణం
□ వాడిన జననాల రేటు, శిశు మరణాల రేటు, అవి ఏ సంవత్సరానివి
□ ఇక్కడి పుట్టింట్లో ఉన్న బయటి ఊళ్ల పిల్లలు, వేరే ఊళ్లోని పుట్టింటి నుంచి రావలసిన మన పిల్లలు
□ తాత్కాలిక వలస పిల్లలు, లెక్కించిన నెల
□ క్షేత్ర పరీక్ష చేసినవారి హోదా, తేదీ

జిల్లా నుంచి వచ్చిన లక్ష్యం మీ జాబితాకు పది శాతానికి మించి తేడాగా ఉంటే, ఈ పత్రాన్ని జతచేసి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి రాతపూర్వకంగా పంపండి. జవాబు వచ్చేదాకా నివేదికలో రెండు హారాలనూ, రెండు శాతాలనూ పక్కపక్కనే చూపండి. 2027 జనగణన లెక్కలు వెలువడ్డాక సూత్రంలోని జనాభాను మార్చవలసి ఉంటుంది, గ్రామాల వారీ సంఖ్యలు చేతికి వచ్చిన వెంటనే మూడో దశ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.